డాకింగ్ స్కోరును మందుగా అచ్చు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

కరోనా కేసులు మళ్లీ కనిపిస్తున్నాయన్న కబురు వచ్చిన ప్రతిసారీ, నాలుగు రోజులు తిరక్కుండానే జిల్లా పేజీల్లో ఇంకో వార్త వస్తుంది. ఫలానా మొక్కలో కరోనాకు విరుగుడు దొరికింది, మన జిల్లా విద్యార్థులే కనిపెట్టారు, విదేశీ జర్నల్‌లో అచ్చయింది అని. పక్కన ఆ ఆకు ఫొటో. మరునాటికి ఆ ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది, ఇంకొన్నాళ్లకు ఆ పొడి పొట్లాల్లో అమ్మకానికొస్తుంది. విద్యార్థుల శ్రమను తీసిపారేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మేం ఫార్మసీ కాలేజీల్లో ఔషధ రసాయన శాస్త్రం, మూలికల శాస్త్రం చెప్పేవాళ్లం. ఆ పిల్లలు మా ముందు కూర్చునే పిల్లలే. అయితే జరిగిన పని ఏమిటి, అది ఏ మెట్టు దగ్గర ఆగింది అన్న రెండు ముక్కలు ఆ వార్తల్లో ఉండవు. అవి లేకపోతే దాన్ని సైన్సు వార్త అనలేం, ఉచిత ప్రకటన అనాలి.

ఇలాంటి వార్తల్లో ఎక్కువ భాగం డాకింగ్ అనే కంప్యూటర్ లెక్క మీద నిలబడినవి. ఒక రసాయనం ఒక ప్రొటీన్‌కు ఎలా, ఎంత గట్టిగా అతుక్కుంటుందో అంచనా వేసే లెక్క అది. కరోనా వైరస్ మన కణంలోకి దూరాక తన ప్రొటీన్లలో చాలావాటిని ఒకే పొడవాటి గొలుసుగా తయారు చేయించుకుంటుంది. ఆ గొలుసును సరైన చోట్ల కోస్తేనే ఆ ముక్కలు పనిలోకి వస్తాయి. అలా కనీసం 11 చోట్ల కోసేది మెయిన్ ప్రొటియేజ్ అనే ఎంజైమ్. 306 అమైనో ఆమ్లాల పొడవుంటుంది, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం పక్కన కోస్తుంది. మన ఒంట్లో సరిగ్గా ఆ పద్ధతిలో కోసే ఎంజైమ్ తెలియదు కాబట్టి దీన్ని ఆపగలిగితే వైరస్‌కే దెబ్బ, మనకు కాదు. అందుకే మందుల పరిశోధకులు దీన్ని గురిపెట్టారు. 2020 మొదట్లోనే చైనా శాస్త్రవేత్తలు దీని ఆకారాన్ని బయటపెట్టారు. ప్రొటీన్ డేటా బ్యాంకులో 6ఎల్‌యూ7 అనే గుర్తు కొడితే ఎవరికైనా ఉచితంగా దిగుతుంది. ఆటోడాక్ వైనా అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. లాక్‌డౌన్‌లో ల్యాబులకు తాళాలు పడ్డాయి, ల్యాప్‌టాప్ మాత్రం ఇంట్లో ఉంది. పేపర్లు వరదలా వచ్చాయంటే ఆశ్చర్యమేముంది?

పని ఇలా సాగుతుంది. దించుకున్న ఫైలులోంచి నీటి అణువులు తీసేస్తారు, అందులో ముందే అతుక్కుని ఉన్న ఎన్3 అనే నిరోధకాన్ని, అంటే ఎంజైమ్‌ను ఆపే రసాయనాన్ని, తీసేస్తారు, హైడ్రోజన్లు చేరుస్తారు. ఎంజైమ్‌లో కోత జరిగే చోటు, అంటే 41వ స్థానంలోని హిస్టిడిన్, 145వ స్థానంలోని సిస్టీన్, చుట్టూ వైపుకు 20 నుంచి 25 ఆంగ్‌స్ట్రాముల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు) పెట్టె గీస్తారు. మొక్క రసాయనాల నిర్మాణాలు డేటాబేస్ నుంచి తెచ్చి ఒక్కొక్కటిగా ఆ పెట్టెలో వదులుతారు. ఒక్కో అణువుకు కొన్ని నిమిషాలు. చివరికి మైనస్ 8.2 అని ఒక అంకె వస్తుంది, మోల్‌కు అన్ని కిలో కేలరీల బలంతో అతుక్కుంటుందని దాని అంచనా. ఆ అంకె మైనస్ వైపు ఎంత పెద్దదైతే అంత మంచిదని పట్టిక వేసి, మొదటి వరసలో ఉన్నదాన్ని 'మందు' అంటారు.

ఆ అంకెను ఎంత నమ్మాలి? శరీర ఉష్ణోగ్రత దగ్గర 1.4 కిలో కేలరీల తేడా అంటే అతుక్కునే బలంలో పది రెట్ల తేడా. వైనా లాంటి సాఫ్ట్‌వేర్ రెండు కిలో కేలరీలు అటో ఇటో తప్పడం మామూలు సంగతి. అంటే బలం అంచనా పైకీ కిందికీ దాదాపు 25 రెట్లు తప్పవచ్చు. ఆ స్థితిలో మైనస్ 8.2 వచ్చిన రసాయనం మైనస్ 7.9 వచ్చినదాని కంటే మేలని రాయడానికి ఆధారం లేదు. ఒక్క మాటలో చెప్పాలంటే డాకింగ్ స్కోరు జాతకాల పొంతన లాంటిది. ముప్ఫై ఆరుకు ముప్ఫై గుణాలు కలిశాయన్నంత మాత్రాన కాపురం జరిగినట్టు కాదు కదా.

పట్టికలో మొదటి వరసలో ఎవరుంటారో కూడా గమనించండి. చాలా మొక్కల్లో ఉండే రూటిన్, బత్తాయి తొక్కలో ఉండే హెస్పరిడిన్ అనే రసాయనాలు. ఏ ప్రొటీన్ మీద డాక్ చేసినా ఇవి పైకి వస్తాయి. కారణం సులువే: అణువు పెద్దదైన కొద్దీ, తగులుకునే చోట్లు ఎక్కువైన కొద్దీ స్కోరు పెరుగుతుంది. రూటిన్‌కు రెండు చక్కెర ముక్కలు వేలాడుతుంటాయి, అణుభారం 610, హైడ్రోజన్ బంధం ఇవ్వగల చోట్లు 10. అంత పెద్ద, అంత నీటి స్వభావం ఉన్న అణువు పేగు గోడ దాటి యథాతథంగా రక్తంలోకి రాదు. పేగులోని బ్యాక్టీరియా చక్కెరలు ఊడదీసి క్వెర్సెటిన్‌గా మారుస్తుంది, దానికి పేగు గోడ, కాలేయం వేరే తోక తగిలించి బయటికి పంపే పని మొదలుపెడతాయి. కంప్యూటర్‌లో గెలిచిన అణువు ఊపిరితిత్తుల దాకా రానేరాదు.

ఇంకో రెండు లోపాలను అచ్చుకు ముందు పేపర్లు పరిశీలించేవాళ్లు కూడా వదిలేస్తున్నారు. 6ఎల్‌యూ7లోని ఎన్3 నిరోధకం 145వ సిస్టీన్‌తో రసాయన బంధం వేసుకుని ఉంది. మామూలు డాకింగ్ బంధం వేయలేదు, పక్కన కూర్చోబెట్టడమే చేస్తుంది. కాబట్టి ఎన్3 స్కోరుతో పోల్చి 'మా రసాయనం దానికంటే మెరుగు' అనడం పొంతన లేని పోలిక. రెండోది, ఈ ఎంజైమ్ జంటగా పనిచేస్తుంది. జంటలో ఒకదాని మొదటి అమైనో ఆమ్లం రెండోదాని గుంటకు ఆకారం ఇస్తుంది. ఆ ఫైలులో కనిపించే ఒంటరి గొలుసుతోనే డాక్ చేస్తే గుంట ఆకారం పూర్తిగా నిలబడదు. డాకింగ్ చేయాలనుకునే విద్యార్థికి మేం చెప్పేది ఇదే: జంటను కట్టుకో, బంధం లేని నిరోధకం ఉన్న నిర్మాణాన్ని తీసుకుని ఆ నిరోధకాన్ని పీకి మళ్లీ డాక్ చేయి, అసలు చోటికి 2 ఆంగ్‌స్ట్రాముల లోపు వస్తుందో లేదో చూడు. ఆ తర్వాత పనిచేస్తాయని తెలిసినవి పది, పనిచేయనివి ఐదు వందలు కలిపేసి వదులు. ఆ పది పైకి తేలకపోతే నీ పద్ధతి ఈ ఎంజైమ్‌కు పనికిరాదు, మొక్కల జాబితా ముట్టుకోకు.

ఇక పరీక్షనాళిక. ఎంజైమ్ ఒక్కటే అయితే ప్రమాదం లేదు, అంటురోగం రాదు, కాలేజీ ల్యాబులో చేయవచ్చు. 50 నుంచి 100 నానోమోలార్ ఎంజైమ్, 20 మైక్రోమోలార్ దాకా వెలుగునిచ్చే సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ కోసే పదార్థం (ఇవి గాఢత కొలతలు, వెయ్యి నానోమోలార్లు ఒక మైక్రోమోలార్), ముందుగా అరగంట రసాయనంతో నానబెట్టి, ప్లేట్ రీడర్‌లో కోత వేగం చూడడం. మూలికల్లో ఇక్కడే తప్పుడు ఫలితాలు పుట్టలు పుట్టలుగా వస్తాయి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కషాయం వేయండి, ఎంజైమ్ ఆగిపోతుంది. అయితే పక్క గిన్నెలో ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ పెట్టి అదే కషాయం పోసినా అది కూడా ఆగుతుంది. ఎందుకంటే టానిన్లు ఏ ప్రొటీన్‌నైనా పట్టి ముద్ద చేస్తాయి. తోలు పదును చేయడానికి కరక్కాయ వాడేది ఆ గుణం కోసమే. అందుకే టానిన్లను పాలీవినైల్ పాలీపైరోలిడోన్‌తో తీసేసి మళ్లీ చూడాలి.

రెండో మోసం గుంపు కట్టడం. క్వెర్సెటిన్, కుర్కుమిన్ వంటివి కొంత గాఢత దాటితే నీటిలో కరగక సన్నని కణికలుగా మారి, ఎంజైమ్‌ను తమ ఒంటికి అతికించుకుంటాయి. నిజమైన నిరోధకంలాగే గ్రాఫు వస్తుంది. దీన్ని పట్టుకోవడం చాలా చవక: బఫర్‌లో 0.01 శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే సబ్బు లాంటి పదార్థం కలపండి. కణికలు విడిపోతాయి. అప్పుడు నిరోధం మాయమైతే అది ఉత్తదే. మూడోది సిస్టీన్‌తో వచ్చే తంటా. ఈ ఎంజైమ్ కోత సిస్టీన్ గంధకం మీద ఆధారపడింది కాబట్టి దాన్ని ఆక్సీకరణం చేసే ఏ రసాయనమైనా ఆపేస్తుంది. ఆ ఆక్సీకరణను అడ్డుకునే డీటీటీ అనే రసాయనం 1 మిల్లీమోలార్ కలిపి మళ్లీ చేయాలి. ఎబ్‌సెలెన్, డైసల్ఫిరామ్ లాంటి పేరున్న మందులే డీటీటీ కలపగానే తేలిపోయాయని 2020లోనే చూపించారు. నాలుగోది రంగు. కుర్కుమిన్ పసుపుపచ్చన, 420 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని మింగుతుంది. కొలిచే వెలుగును రసాయనమే మింగేస్తే ఎంజైమ్ ఆగినట్టు కనిపిస్తుంది. సబ్‌స్ట్రేట్ పూర్తిగా కోసేశాక రసాయనం కలిపి చూస్తే ఎంత వెలుగు మింగుతోందో తెలిసిపోతుంది. ఈ నాలుగూ కలిపి చేయడానికి వారం పట్టదు. చేయకుండా అచ్చయిన పేపర్లు మా టేబుళ్ల మీద కుప్పలుగా ఉన్నాయి.

ముడిసరుకు సంగతి మరీ నిర్లక్ష్యం. ఏటూరునాగారం అడవి నుంచి తెచ్చారా, దుకాణంలో కొన్నారా, ఏ నెలలో కోశారు, వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించి నమూనా హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలు భద్రపరిచే చోట, దాచారా అన్నది ఒక్క వాక్యంలోనైనా ఉండాలి. నేలవేమునే తీసుకోండి. అందులోని ముఖ్య రసాయనం ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకులో ఎక్కువ, కాడలో బాగా తక్కువ. పూత మొదలయ్యే వేళ కోస్తే ఎక్కువ, కాయలు ముదిరాక తగ్గుతుంది. బజారులో దొరికేది కాడలతో సహా దంచిన పొడి. దాని బదులు హిమాలయాల చిరాతా, చిరాతా బదులు ఇది అమ్మడం కూడా కొత్త కాదు. పద్ధతి కష్టమైనదేమీ కాదు: నీడన ఆరబెట్టి, 40 మెష్ జల్లెడ పట్టి, కిలో పొడికి పది లీటర్ల 70 శాతం ఇథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి, రోజూ కలియబెట్టి, వడకట్టి, 40 డిగ్రీలు మించకుండా రోటరీ ఎవాపరేటర్‌లో ఆవిరి చేయాలి. తర్వాత రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మార్కర్, అంటే గుర్తుగా ఎంచుకున్న రసాయనం, ఎంత శాతం ఉందో చూసి రాయాలి. ఆ శాతం లేని 'ఎక్స్‌ట్రాక్ట్' ఫలితాన్ని ఇంకొకరు మళ్లీ చేసి చూడలేరు.

కణాల దగ్గరికి వస్తే, ప్రాణమున్న కరోనా వైరస్‌తో పనికి బీఎస్‌ఎల్-3 అనే అధిక భద్రత గల ల్యాబ్ కావాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలో అది ఉంది, మామూలు కాలేజీలో కుదరదు. ఏ కణాల్లో చూశారన్నది ఇక్కడ ముఖ్యం. చాలామంది వాడే వీరో ఈ6 కణాలు ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి. వీటిలోకి వైరస్ లోపలి సంచుల దారిలో దూరుతుంది. మనిషి ఊపిరితిత్తుల కణాల్లో టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ సాయంతో ఇంకో దారిలో వస్తుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ వీరో కణాల్లో వైరస్‌ను చక్కగా ఆపింది. కాలు-3 అనే మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఆపలేకపోయింది. ఆ తేడా 2020 జులైలోనే బయటపడింది. అప్పటికే దేశమంతా ఆ గోలీల కోసం మెడికల్ షాపుల ముందు నిలబడింది.

ఇంకో సంగతి 2021లో తేలింది. క్షార గుణం, కొవ్వులో కలిసే గుణం రెండూ ఉన్న అణువులు కణంలోపల కొవ్వు పదార్థాలను పేరుకునేలా చేస్తాయి. ఆ గందరగోళంలో వైరస్ పెరగదు, కానీ అది వైరస్ మీద దెబ్బ కాదు, కణం మీద దెబ్బ. మొక్కల ఆల్కలాయిడ్లలో చాలావాటికి ఈ గుణం ఉంది. కణం బతికే ఉందా అని చూడడానికి వాడే ఎంటీటీ పరీక్షకు కూడా మూలికలతో పేచీ. మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు కణంతో పని లేకుండానే ఆ రంగును తెప్పిస్తాయి. చచ్చిన కణాలు బతికినట్టు లెక్కకొస్తాయి. కణాలు లేని గిన్నెలో ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే వేసి చూడని ఎంటీటీ అంకెను మేం నమ్మం.

వైరస్‌ను సగం తగ్గించే గాఢత ఒకటి, కణాలను సగం చంపే గాఢత ఒకటి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది ఎంపిక సూచిక. అది కనీసం 10 దాటకపోతే ముందుకు పోకూడదు. గన్నేరులోని ఓలియాండ్రిన్ కూడా కణాల్లో కరోనా వైరస్‌ను ఆపింది. 2020 ఆగస్టులో అమెరికాలో దాన్ని అధికారంలో ఉన్నవాళ్ల దాకా తీసుకెళ్లి ప్రచారం చేశారు, ఆహార పూరకంగా అమ్ముకోనివ్వాలన్న అర్జీని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిప్పికొట్టింది. గుండె కణాల సోడియం పొటాషియం పంపును ఆపే విషం అది. గన్నేరు పప్పు ఏం చేస్తుందో మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 'కరోనాను చంపింది' అన్న శీర్షికకు అది కూడా అర్హమే అన్నది గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే తక్కువగా అడిగే ప్రశ్న, గాఢత. గిన్నెలో పనిచేసిన గాఢత రక్తంలోకి వస్తుందా? నిజామాబాద్ మార్కెట్, ఏనుమాముల మార్కెట్ ఉన్న ప్రాంతంలో పసుపుతోనే లెక్క వేద్దాం. పసుపులో కుర్కుమినాయిడ్లు సుమారు 3 శాతం. చెంచాడు, అంటే 3 గ్రాముల పసుపులో 90 మిల్లీగ్రాములు. మనుషులకు రోజుకు 8 గ్రాముల మోతాదులో శుద్ధ కుర్కుమిన్ మింగించినా రక్తంలో దాని గరిష్ఠ స్థాయి సగటున 1.77 మైక్రోమోలార్. ఎనిమిది గ్రాముల కుర్కుమిన్ పసుపు రూపంలో తినాలంటే పావు కిలో పైనే కావాలి. గిన్నెలో వైరస్ మీద పనిచేసినట్టు రాసే గాఢతలు సాధారణంగా దీనికంటే పైనే ఉంటాయి. దానికి తోడు కుర్కుమిన్ నిలకడ లేనిది. సీరం లేని బఫర్‌లో 37 డిగ్రీల వద్ద, పీహెచ్ 7.2 దగ్గర అరగంటలో 90 శాతం విరిగిపోతుంది. పసుపు కూరకు మంచిది. పసుపు పాలు తాగితే గొంతుకు హాయిగా ఉండొచ్చు. వైరస్ మందు అనడానికి మాత్రం ఈ లెక్క ఒప్పుకోదు.

అతిమధురం కథ కూడా ఇదే. 2003లో జర్మనీ శాస్త్రవేత్తలు అందులోని గ్లైసిరైజిన్ నాటి సార్స్ వైరస్‌ను ఆపుతుందని చూపారు. పేరున్న పని, ఇప్పటికీ అందరూ ఎత్తి చూపుతారు. అయితే సగం ఆపడానికి కావాల్సింది లీటరుకు 300 మిల్లీగ్రాములు. పెద్ద మనిషి ఒంట్లో ప్లాస్మా మూడు లీటర్లు అనుకుంటే ఒక్క దానికే 900 మిల్లీగ్రాములు నిలబడాలి, మిగతా ఒళ్లంతా అటుంచండి. నోటితో తీసుకున్న గ్లైసిరైజిన్‌ను పేగు బ్యాక్టీరియా ముందే విడగొడుతుంది, అసలు అణువు రక్తంలో దాదాపు కనిపించదు. ఆ విడిపోయిన ముక్క మాత్రం మూత్రపిండంలో ఒక ఎంజైమ్‌ను ఆపి, ఉప్పు నిలవ చేసి, పొటాషియం దించి, బీపీ పెంచుతుంది. యూరప్‌లో రోజుకు 100 మిల్లీగ్రాములకు మించొద్దని హద్దు పెట్టింది అందుకే. బీపీ గోలీలు, ముఖ్యంగా మూత్రం జారీ చేసేవి వాడేవాళ్లు అతిమధురం కషాయం రోజూ తాగితే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

మనుషుల మీద ఏమైందంటే, నేలవేముకు దక్కిన అవకాశం మరే ఆకుకూ దక్కలేదేమో. థాయ్‌లాండ్‌లో పరిశోధకులు కాలు-3 కణాల్లో ఆండ్రోగ్రాఫోలైడ్ చాలా తక్కువ గాఢతలో, 0.034 మైక్రోమోలార్ దగ్గర, వైరస్‌ను సగం తగ్గించిందని చూపారు. ఇది మంచి అంకె, ఊపిరితిత్తుల కణాల్లో వచ్చిన అంకె, కాదనడం లేదు. అక్కడి ప్రభుత్వం స్వల్ప లక్షణాలున్న పెద్దలకు రోజుకు 180 మిల్లీగ్రాములు, మూడు వేళలుగా, ఐదు రోజులు ఇచ్చేందుకు అనుమతించింది. ఆ మోతాదు ఆకు పొడిలో లెక్కిస్తే, 2 శాతం ఉందనుకున్నా రోజుకు 9 గ్రాములు. ఆండ్రోగ్రాఫోలైడ్ నీటిలో సరిగా కరగదు కాబట్టి కషాయంలోకి అందులో కొంతే దిగుతుంది. ఆ తర్వాత వచ్చిన ప్రయోగంలో మందు తీసుకున్న 29 మందిలో ఎవరికీ న్యుమోనియా రాలేదు, తీసుకోని 28 మందిలో ముగ్గురికి వచ్చింది. ఇది యాదృచ్ఛికం కాదని ముందుగా రాశారు. తర్వాత లెక్క తప్పిందని తేలి 2021లో ఆ ముందస్తు ప్రతిని (జర్నల్ పరిశీలనకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపరును) వెనక్కి తీసుకున్నారు. సరైన లెక్క ప్రకారం మందు ఏమీ చేయకపోయినా ఇంత తేడా నూటికి 11 సార్లు దానంతట అదే రావచ్చు. గుంపుకు ముప్ఫై మంది సరిపోరు, ఎంతమంది కావాలో ఇప్పుడు చెబుతాం.

అడవినాభి గడ్డ మన అడవుల్లో తెలియనివాళ్లు తక్కువ. అందులోని కొల్చిసిన్ గౌట్ అనే కీళ్ల జబ్బుకు అసలైన మందు. వైరస్‌ను చంపదు గాని వాపును తగ్గిస్తుంది కాబట్టి కరోనా రోగులకు పనికొస్తుందేమోనని బ్రిటన్‌లో రికవరీ అనే పేరుతో జరిగిన ప్రయోగంలో 11,340 మంది మీద చూశారు. ఇచ్చినవాళ్లలోనూ ఇవ్వనివాళ్లలోనూ 28 రోజుల్లో చనిపోయింది 21 శాతమే. అంతకు ముందు చిన్న ప్రయోగాల్లో మేలు కనిపించింది. ఇన్ని వేల మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేస్తేనే నిజం తేలింది. మొక్క నుంచి వచ్చిన ఏ రసాయనమూ ఇలాంటి పెద్ద ప్రయోగంలో కోవిడ్ మరణాలను తగ్గించినట్టు ఇంతవరకు నిరూపణ కాలేదు.

'పనిచేయకపోతే పోనీ, హాని ఏముంది' అన్న మాటకు తిప్పతీగ జవాబు. 2020 చివరి నెలల్లో ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు 2021లో రాశారు. తర్వాత దేశంలో 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలు వచ్చాయి. చాలామందిలో అది రోగనిరోధక శక్తే కాలేయం మీద పడ్డ తీరులో ఉంది. ముందే థైరాయిడ్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, వేరే జాతి తీగను పొరపాటుగా వాడి ఉంటారంది. కాండం మీద పులిపిర్ల లాంటి బుడిపెలు దట్టంగా ఉంటే అది అసలు తిప్పతీగ కాదు, నిజమే. కానీ ఆ తేడా చూడకుండా వేపచెట్టు మీద పాకిందల్లా తెంపుకెళ్లే పరిస్థితిని తెచ్చింది ఎవరు?

2020 ఏప్రిల్‌లో ఆయుష్ చెప్పిన కషాయంలో తులసి 4 భాగాలు, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. ఆ పొడి 3 గ్రాములు 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో. ఆ మోతాదులో చాలామందికి పెద్ద ప్రమాదం లేదు. అయితే అందులో మిరియాలు మూడో వంతు గ్రాము, పైపెరిన్ 5 శాతం లెక్కన 17 మిల్లీగ్రాముల దాకా. కుర్కుమిన్‌తో కలిపి 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇచ్చినప్పుడు కుర్కుమిన్ రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ చేరిందని 1998లో చూపారు. అదే పైపెరిన్ ఫిట్స్ గోలీ ఫెనిటాయిన్‌ను, ప్రొప్రనొలాల్‌ను, థియోఫిలిన్‌ను కూడా రక్తంలో పెంచుతుంది. మిరియం నమిలితే భయం లేదు. కషాయం పొడిని రెట్టింపు, మూడింతలు చేసి రోజుకు నాలుగుసార్లు మడ్డితో సహా తాగితే ఫెనిటాయిన్ వాడేవాళ్లకు తూలు, కళ్లు తిరగడం మొదలవ్వొచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా కషాయం ఆపి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా ప్రైవేటు దవాఖానకు వెళ్లినా, ఆ పొట్లాన్నీ, వాడిన తీగ ముక్కనూ వెంట తీసుకెళ్లాలి. డాక్టరు అడగకపోయినా చెప్పాలి.

మొక్కల నుంచి మందు రాదని మేం అనడం లేదు, వస్తే ఎలా వస్తుందో తెలిస్తే చాలు. బిర్యానీలో వేసే అనాసపువ్వులోని షికిమిక్ ఆమ్లం నుంచి ఫ్లూ మందు ఒసెల్టమివిర్‌ను తయారు చేశారు. ఆ పువ్వు ఎంత తిన్నా ఫ్లూ తగ్గదు. పలు రసాయన చర్యల తర్వాతే అది మందు. చైనాలో థు యూయూ మలేరియాకు ఆర్టెమిసినిన్ పట్టుకున్నది కూడా మరిగించడం మానేసినప్పుడే. వేడికి ఆ అణువు చెడుతోందని గ్రహించి 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో తీశారు. 2015లో నోబెల్ వచ్చింది. కషాయం అంటే కాచడమే అనుకునే మనకు ఇది పనికొచ్చే సంగతి. ఇక మెయిన్ ప్రొటియేజ్‌ను నిజంగా ఆపి, 2021 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన నిర్మాట్రెల్విర్ మొక్కది కాదు. 2003 సార్స్ నాడు మొదలైన అణువును మార్చి మార్చి సాధించింది. సుమారు 3 నానోమోలార్ బలం. మన పేపర్లలో 'అద్భుతం' అనిపించుకునే 10 మైక్రోమోలార్ రసాయనం దానికంటే మూడు వేల రెట్లు బలహీనం. అంత బలమున్నదాన్ని కూడా కాలేయం త్వరగా కరిగించేస్తుందని రిటోనవిర్ అనే ఇంకో మందు 100 మిల్లీగ్రాములు తోడు ఇవ్వాల్సి వచ్చింది, నిర్మాట్రెల్విర్ పూటకు 300 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు, ఐదు రోజులు.

కాబట్టి విలేకరులకు మా మనవి. వార్త మొదటి పేరాలోనే అది కంప్యూటర్‌లోనా, పరీక్షనాళికలోనా, కోతి కణాల్లోనా, మనిషి కణాల్లోనా, జంతువుల్లోనా, మనుషుల్లోనా అన్నది రాయండి. గాఢత ఎంతో అడగండి. చెప్పలేకపోతే ఆ మాటే రాయండి. మనుషులపై ప్రయోగం అంటే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ప్రయోగాల రిజిస్టరు) నంబరు అడగండి. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి ప్రయోగాన్నీ మొదటి రోగి చేరకముందే అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నమోదు తేదీ మొదటి రోగి తేదీ తర్వాత ఉంటే పక్కన పెట్టేయండి. కాలేజీ ఇచ్చిన ప్రెస్‌నోట్‌ను అలాగే దించకుండా, ఆ పనిలో లేని ఇంకొక అధ్యాపకుడికి ఒక్క ఫోన్ చేయండి. ఆకు ఫొటో బదులు అణువు బొమ్మ వేయండి, దాన్ని ఎవరూ చెట్టు నుంచి తెంపుకోలేరు.

'మెయిన్ ప్రొటియేజ్‌కు అతుక్కోవచ్చని కంప్యూటర్ అంచనా వేసింది, పరీక్షనాళికలో ఇంకా చూడలేదు' అని రాస్తే ఆ విద్యార్థి పరువేమీ పోదు. పై చదువుకు వెళ్లినప్పుడు ఆ వాక్యమే అతన్ని కాపాడుతుంది. ఆరు నెలల తర్వాత అదే కాలేజీకి ఫోన్ చేసి, ట్రైటన్ కలిపి చూశారా, ఏం తేలింది అని అడగండి. నిరోధం మాయమైందంటే, మొదటి వార్త వేసిన పేజీలోనే, అంతే స్థలంలో ఆ సంగతి కూడా వేయండి.

— ఫార్మసీ అధ్యాపకులు కొందరు, హనుమకొండ